కొత్త ఫ్యాన్ బిగించేటప్పుడు బోల్టు చూసుకోండి

అనంతపురంలో కొత్త ఫ్యాన్ కొనబోతున్నవాళ్లు ఒకసారి ఇది చదవండి. షాపు పేరు రాయను, ఫిర్యాదు నడుస్తోంది. ఎండాకాలం మొదట్లో సీలింగ్ ఫ్యాన్ కొన్నాం, షాపు మనిషే వచ్చి బిగించిపోయాడు, వానలు పడకముందే రాడ్డు దగ్గర బోల్టు తెగి ఫ్యాన్ మంచం మీద పడింది. అత్తమ్మ అప్పుడే లేచి వంటింట్లోకి పోయింది కాబట్టి సరిపోయింది.

షాపులో అడిగితే "ఓల్టేజీ ఎక్కువొచ్చి స్పీడు పెరిగింది మేడం, దానికి వారంటీ రాదు" అన్నారు. ఓల్టేజీ ఎక్కువైతే వైండింగ్ కాలుతుంది గానీ బోల్టు తెగుతుందా? ఫ్యాన్ నాలుగైదు కిలోలుంటుంది. 6 మి.మీ. బోల్టు, బలంలో సాదా రకమైన 4.6 గ్రేడుదైనా సరే, నేరుగా లాగితే సుమారు 800 కిలోల దాకా ఆగాలి.

తెగిన ముక్కలు దాచి, లేత్ పని చేసే మా తమ్ముడికి చూపించా. తెగిన చోట చాలా భాగం నల్లగా నున్నగా ఉంది, దాని మీద చెరువు నీళ్లు ఇంకుతూ ఒడ్డున వదిలిన గీతల్లా వంపు గీతలు. మిగిలిన కాస్త మాత్రం గరుకుగా, తెల్లగా మెరుస్తోంది. అంటే ఒక్క దెబ్బకు తెగింది కాదు, మర అడుగున సన్న పగులు పుట్టి కొంచెం కొంచెంగా పాకి, చివరికి మిగిలిన కొస మోయలేక పుటుక్కుమంది. ఫ్యాన్ ఊగుతూ తిరిగితే ప్రతి చుట్టుకూ బోల్టుకు ఒక కుదుపు. నిమిషానికి 350 చుట్లు వేసుకున్నా గంటకు 21,000. మన ఎండలకు ఫ్యాన్ ఆపేదెప్పుడు?

అట్టపెట్టె వెతికితే అసలు సంగతి బయటపడింది. కంపెనీ ఇచ్చిన బోల్టు, నట్టు ఊడిరాకుండా ఆపే స్ప్లిట్ పిన్ను విప్పని కవర్లో అట్లే ఉన్నాయి! ఆ మహానుభావుడు తన సంచిలోంచి తలదాకా మరలున్న, గ్రేడు అంకె కూడా లేని చిల్లర బోల్టు పెట్టిపోయాడు. కంపెనీ బోల్టుకు రాడ్డు ఆనే చోట నున్నగా ఉంటుంది, దీనికి సరిగ్గా అక్కడే మర గాడి, పగులు పుట్టేది అందులోనే. పిన్ను లేక నట్టు వదులై, బోల్టు రంధ్రంలో కొట్టుకుంటూ ఉండిపోయింది.

కాబట్టి బిగించే మనిషి స్టూలు దిగకముందే పెట్టెలోని కవరు ఖాళీ అయిందో లేదో చూడండి, సేఫ్టీ వైరు ఇచ్చి ఉంటే అదీ కట్టించుకోండి, ఫ్యాన్ ఊగుతుంటే ఆపి వెంటనే పిలిపించండి. ఏదైనా తెగితే ముక్కలు రుద్దొద్దు, ఒకదానికొకటి ఆనించి చూడొద్దు, గీతలు చెరిగిపోతాయి. ఫోటో తీసి కాగితంలో విడివిడిగా చుట్టిపెట్టండి.

నేను 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టా. ఇప్పుడు షాపువాళ్లు కొత్త ఫ్యాన్ ఇస్తామంటున్నారు, కాకపోతే తెగిన బోల్టు ముక్కలు తెచ్చివ్వాలట. ఇవ్వను.