సీఐఎన్‌–3 అని వస్తే: లీప్‌ మేలా, గర్భసంచి తీయించడం మేలా?

కాల్పోస్కోపీలో (గర్భాశయ ముఖద్వారాన్ని పెద్దదిగా చేసి చూసే పరీక్షలో) తీసిన ముక్కకు సీఐఎన్‌–3 (ముఖద్వారం కణాల్లో క్యాన్సర్‌కు ముందు వచ్చే తీవ్రమైన మార్పు) అని రిపోర్టు వచ్చిన అక్కచెల్లెళ్లు నన్ను పదేపదే అడుగుతున్నది ఒక్కటే: "పిల్లలు పుట్టేశారు కదా, గర్భసంచి తీయించేసుకుంటే పీడ విరగడవదా?" 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15–49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతమైతే ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. మన ఇళ్లలో ఈ ఆలోచన అంత మామూలైపోయింది.

సీఐఎన్‌–3 ఇంకా క్యాన్సర్‌ కాకపోయినా, న్యూజిలాండ్‌లో దానికి సరైన చికిత్స అందని మహిళల్లో దాదాపు 30 శాతం మందికి 30 ఏళ్లలోపు క్యాన్సర్‌ వచ్చింది గనుక చికిత్స తప్పదు.

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది, తీసిన భాగం ల్యాబ్‌కు చేరి ఏం చెబుతుందన్నది. లీప్‌లో గర్భాశయ ముఖద్వారం వరకే మత్తిచ్చి, కరెంటు పారే సన్నని తీగ వలయంతో మచ్చ ఉన్న మేర చెక్కి తీసి, ఆ ముక్కను ఫార్మలిన్‌ సీసాలో వేసి పంపుతారు. అంచుల దాకా జబ్బు పాకిందా, బయాప్సీకి (ముందు తీసిన చిన్న ముక్క పరీక్షకు) చిక్కని క్యాన్సర్‌ లోపల దాగి ఉందా అన్నది దానితో తేలుతుంది. ఈ మెట్టు ఎక్కకుండా నేరుగా గర్భసంచి తీసేశాక క్యాన్సర్‌ బయటపడితే, చేసిన ఆపరేషన్‌ చాలక, మళ్లీ కోయడమో రేడియేషన్‌ ఇవ్వడమో అవసరపడవచ్చు. పైగా గర్భసంచి పోయినంత మాత్రాన ఈ మార్పులకు కారణమైన హెచ్‌పీవీ వైరస్‌ పోదు. యోని పైభాగంలో అవే మార్పులు రావచ్చు గనుక పరీక్షలు ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి కొనసాగాలి.

లీప్‌ తర్వాత కొన్ని వారాలు నీళ్లలాంటి స్రావం ఉంటుంది. తర్వాతి కాన్పు నెలలు నిండకముందే అయ్యే ప్రమాదం కొంత పెరుగుతుంది. ఇంకా పిల్లలు కావాలనుకునేవారు ఎంత లోతు తీస్తారని డాక్టరుగారిని ముందే అడగాలి.

వేడితో కాల్చే థర్మల్‌ అబ్లేషన్‌, చలితో గడ్డకట్టించే క్రయో అనే పద్ధతులు, మచ్చ మొత్తం కంటికి కనబడుతూ, క్యాన్సర్‌ అనుమానం లేనప్పుడు పనికొస్తాయి. వాటిలో పరీక్షకు ముక్క మిగలదు.

గర్భసంచి తీయడమే సరైన సందర్భాలూ ఉన్నాయి: లీప్‌ తర్వాతా జబ్బు మిగిలి, మళ్లీ చెక్కడానికి ముఖద్వారం చాలనప్పుడు, లేదా పెద్ద ఫైబ్రాయిడ్ల వంటి వేరే కారణం ఉండి, క్యాన్సర్‌ లేదని ముందే తేలినప్పుడు. మిగతావారికి నేను చెప్పేది లీప్‌ అనే. అది అయిన 12 నెలలకు హెచ్‌పీవీ పరీక్ష ఉంటుంది; ఆ తేదీని చీటీ మీద రాయించుకుని మరీ ఇంటికి వెళ్లండి.