గోపాల్‌పూర్ రోడ్డు నర్సరీ: ఏడాది పాటు కొన్నాక రాస్తున్న రివ్యూ

ఒడిశా బరంపురంలో మొక్కలు ఎక్కడ కొంటున్నావు అని మా వీధిలో అడిగినవాళ్ళు, ఫోన్ చేసి అడిగినవాళ్ళు చాలామందే ఉన్నారు, అందరికీ కలిపి ఒకేసారి రాసేస్తున్నాను. ఒక్కసారి వెళ్ళి వచ్చి రాస్తున్నది కాదు, పోయిన మే నుంచి ఇప్పటిదాకా నెలకి కనీసం రెండుసార్లు వెళ్ళాను.

మా ఇంటి ముందు ఉన్న జాగా పన్నెండు అడుగులకి ఇరవై, అంతే. రెండు పక్కలా గోడలు, పొద్దున్న పదకొండు దాకానే ఎండ. ఇంగ్లండ్‌లో కాటేజ్ గార్డెన్ అంటారు కదా, చిన్న ఇంటి ముందు వరసలూ గిరసలూ లేకుండా పూలు, ఆకుకూరలు, వాసన మొక్కలు అన్నీ కలిపేసి ఒత్తుగా పెంచుతారు, ఆ వీడియోలు చూసి చూసి నాకూ అలాగే కావాలనిపించింది. హాలీహాక్, లావెండర్, ఫాక్స్‌గ్లోవ్ అని వాళ్ళు పెంచే పూలమొక్కల పేర్లు కాగితం మీద రాసుకుని మండుటెండల్లో మే నెలలో వెళ్ళాను.

నర్సరీ ఆయన మన తెలుగాయనే, నేను బాబాయ్ అంటాను. కాగితం చూసి ముందు అడిగింది ఏటంటే మీ ఇంటికి ఎండ ఏ పక్కనుంచి వస్తాది, వాన నీళ్ళు ఎటు పోతాయి అని. తర్వాత "ఇప్పుడేటీ కొనకమ్మా, మాడిపోతాయి, నీ డబ్బులు దండగ. రజ అయిపోయాక రా" అన్నారు. నేను డబ్బులు పట్టుకుని వెళ్తే ఆయన ఒక్క తులసి మొక్క, ఒక మూట వేపపిండి ఇచ్చి పంపించేశారు. ఈ షాపు గురించి నేను చెప్పాల్సిన అసలు మాట ఇదే. ఎప్పుడు కొనాలో చెప్పేవాళ్ళు చాలామంది ఉంటారు, ఎప్పుడు కొనకూడదో చెప్పి వెనక్కి పంపే షాపు నేను ఇదొక్కటే చూశాను.

రజ అంటే తెలియనివాళ్ళ కోసం, జూన్ మధ్యలో వస్తుంది, మూడు రోజులు భూమాతకి విశ్రాంతి అని ఒడియావాళ్ళు నేల దున్నరు, తవ్వరు, నాలుగో రోజు భూదేవికి స్నానం. ఆ మూడు రోజులూ నర్సరీలో పార పట్టరు, తెలియక వెళ్తే అక్కడ పనిచేసే మావుసి (ఒడియాలో పిన్నిని అలా అంటారు) గేటు దగ్గరే ఆపేసింది. ఇప్పుడు నేనూ ఆ మూడు రోజులు మట్టి జోలికి పోను. పైగా వానలు పడేదీ ఇంచుమించు అప్పుడే, కాబట్టి నాటడానికి కూడా ఆ తర్వాతే మంచిది.

వానాకాలంలో ఆయన ఇచ్చినవి బచ్చలి, ఆనప విత్తనాలు, చిక్కుడు, నందివర్ధనం, బాల్సమ్, కనకాంబరం. గోడ వార నీళ్ళు నిలుస్తున్నాయని చెప్తే ఇటుకలు పేర్చి అడుగు ఎత్తు మడి కట్టమన్నారు, కట్టాక ఆ బాధ పోయింది. కనకాంబరాలు మాత్రం ఆగస్టుకి వాడిపోయాయి, ఎరువు వేసినా నీళ్ళు పోసినా ఆకులు పసుపు రంగే. మందు ఏదైనా ఇస్తారేమో అని ఒక మొక్క పీకి పట్టుకెళ్ళాను. ఆయన వేళ్ళు నీళ్ళలో కడిగి నా చేతిలో పెట్టారు, వేళ్ళ నిండా పూసల్లా చిన్న చిన్న బుడిపెలు. "ఇది నులిపురుగమ్మా, కంటికి కనపడదు. మందులు వద్దు, మొక్కలన్నీ పీకీసి ఆ జాగాలో ఒత్తుగా బంతి వెయ్యి, ఏడాదిపాటు అక్కడ కనకాంబరం గానీ వంగ గానీ టమాటా గానీ పెట్టకు" అన్నారు. బంతి వేళ్ళు ఆ పురుగుని తగ్గిస్తాయట. తర్వాత నేను చదివి చూశాను, నిజమే. మందు డబ్బా అమ్మితే ఆయనకి మూడు నాలుగు వందలు వచ్చేవి, ఇరవై రూపాయల బంతి నారుతో సరిపెట్టారు.

దసరా ముందు పొడుగు మొక్కలు ఏవీ ఇవ్వరు, అడిగినా ఇవ్వరు. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది కదా, అప్పుడు వాళ్ళ షెడ్డూ నెట్లూ ఏవీ మిగల్లేదట. అందుకే హాలీహాక్ విత్తనాలు కార్తీకంలో, గాలివానల భయం తగ్గాక ఇచ్చారు. నవంబర్‌లో వేస్తే ఫిబ్రవరి ఆఖరికి నాకంటే ఎత్తు పెరిగి పూశాయి, గులాబీ రంగు ఒకటి, ముదురు ఎరుపు ఒకటి. పొద్దున్న గేటు తీసేసరికి అవి కనిపిస్తే ఆ రోజంతా మనసు హాయిగా ఉండేది, ఇంకెలా చెప్పాలో నాకు తెలీదు. లావెండర్ మాత్రం ససేమిరా ఇవ్వలేదు, మన సముద్రపు ఉక్కకి కుళ్ళిపోతుందన్నారు, దాని బదులు మరువం, దవనం ఇచ్చారు. దవనం వాసనకి మా అత్తగారు రోజూ అక్కడే కుర్చీ వేసుకుని కూర్చునేవారు. మార్గశిరం గురువారాల్లో లక్ష్మీపూజకి బజార్లో పూల రేట్లు మండిపోతుంటే మా చుట్టుపక్కల ముగ్గురి ఇళ్ళకి బంతిపూలు మా మడిలోంచే వెళ్ళాయి.

ఇక బాగోలేనివి కూడా రాయాలి. గులాబీలు ఇక్కడ కొనకండి. అంటు గులాబీలు కడియం నుంచి లారీలో వస్తాయి, ఎర్రమట్టి ముద్దతో ఉంటాయి, ఆ మట్టి గట్టిపడిపోయి నీళ్ళు లోపలికి దిగవు. నేను మూడు కొంటే రెండు పోయాయి, మార్చి ఇవ్వలేదు. కొనాల్సి వస్తే ఆ ముద్దని నీళ్ళలో నానబెట్టి పై మట్టి కాస్త వదిలించి పెట్టండి, మూడోది అలా చేస్తేనే బతికింది. వర్మీకంపోస్టు ఐదు కిలోల బస్తా తడి తడిగా ఇచ్చారు, ఎండబెట్టి తూస్తే నాలుగు కిలోలే ఉంది, వెళ్ళి గట్టిగానే చెప్పాను, తర్వాతి నుంచి పొడిది ఇస్తున్నారు. పెటూనియాలు డిసెంబర్ సగం అయ్యాక గానీ రాలేదు, అప్పటికి చలికాలం సగం అయిపోయినట్టే. ఇంటికి పంపరు, ఆటో మనమే పెట్టుకోవాలి. ఫోన్‌పే ఉంది, బిల్లు మాత్రం అడిగితేనే ఇస్తారు.

రేట్లు మామూలే, సీజన్ పూల నారు ఒక్కోటి పదిహేను, మల్లె అరవై. ఆ మల్లెకి సంక్రాంతి వెళ్ళగానే నీళ్ళు తగ్గించి, కొమ్మలు కత్తిరించి, ఆకు దూసెయ్యమన్నారు. చెయ్యడానికి నాకు చెయ్యి రాలేదు, పచ్చటి చెట్టుని మోడు చెయ్యడం కదా, మావుసి దగ్గరుండి చూపిస్తే చేశాను. మార్చి నుంచి రోజూ మూడు మూరల పూలు. మందారానికి పిండినల్లి పడితే లీటరు నీళ్ళకి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బు కలిపి సాయంత్రం పూట కొట్టమన్నారు, మూడు వారాలు పట్టింది గానీ పోయింది.

వెళ్తే పొద్దున్న ఎనిమిదిలోపు వెళ్ళండి, బాబాయ్ అప్పుడే తీరుబడిగా ఉంటారు, పది దాటితే పెళ్ళిళ్ళకి కుండీలు పట్టుకెళ్ళేవాళ్ళతో మాట్లాడే టైమ్ ఉండదు. ఆదివారం నేను నాచుపూల కొమ్మలకి, జీనియా నారుకి వెళ్తున్నాను, మన వీధిలో ఎవరికైనా ఏమైనా కావాలంటే శనివారం రాత్రిలోపు చెప్పండి, ఆటో ఎలాగూ మాట్లాడుతున్నాను.