ఎలుగుబంట్ల పేరు చెప్పి ఛర్రా తుపాకీ (ఎయిర్ రైఫిల్) అంటగడుతున్నాడు, జాగ్రత్త

నిన్న పొద్దున పదకొండింటికి జరిగింది. రాత్రంతా నిద్ర లేదు. కోపం తగ్గాక నిదానంగా రాద్దామనుకున్నాను, అది తగ్గేలా లేదు. అందుకే ఇప్పుడే రాసేస్తున్నాను, తప్పులుంటే సర్దుకొని చదవండి.

హనుమకొండలో ఆ షాపు మీలో చాలామందికి తెలుసు. పేరు రాయను. రైతుల వాట్సాప్ గ్రూపుల్లో పందులను తరిమే సౌండ్ బాక్సులు, సోలార్ కంచె, పెద్ద పెద్ద టార్చిలైట్ల వీడియోలు పెడుతుంటాడే, ఆయనే. షాపు హంటర్ రోడ్డులో కూడా లేదు. అక్కడుంటే కనీసం అడ్రసుకైనా అర్థం ఉండేది.

మాది భూపాలపల్లి అవతల అడవిని ఆనుకొని ఉన్న ఊరు. రెండెకరాల మిర్చి, ఎకరన్నర యాసంగి మక్క. పందుల బాధ ఎప్పుడూ ఉన్నదే. ఈసారి ఇప్పపూలు రాలడం మొదలైనప్పటి నుంచి ఒక గుడ్డెలుగు పిల్లను వెంటేసుకొని మా గట్టు దాకా వస్తోంది. మా బాపుకు 68 ఏళ్లు. రాత్రిళ్లు మంచె మీదే పడుకుంటాడు, వద్దంటే వినడు. పోయిన వారం తెల్లవారుజామున మంచె దిగబోతుంటే ఇరవై అడుగుల దూరంలో చెదపుట్ట తవ్వుతూ కనిపించిందట. దిగిన రెండు మెట్లూ మళ్లీ ఎక్కి గంటసేపు కదలకుండా కూర్చున్నాడట. ఇంటికొచ్చి చాయ్ తాగుతూ ఏదో సినిమా కథ చెప్పినట్టు చెప్పాడు. నాకు మాత్రం ఆ రోజు నుంచి టెన్షన్.

శుక్రవారం ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి అమ్మాను. చేతిలో నాలుగు పైసలు ఆడుతుంటే బుద్ధి పనిచేయదంటారు, నా విషయంలో నూటికి నూరు పాళ్లు నిజం. ఆ రాత్రి చెల్లె ఇంట్లో ఉండి, శనివారం ఆయనకు మెసేజ్ పెట్టాను. ఏం కావాలో స్పష్టంగానే అడిగాను: చేను దగ్గర ఎలుగుబంటి తిరుగుతోంది, ప్రాణం మీదికొస్తే కాపాడుకోవడానికి ఏం తుపాకీ తీసుకోవాలి, 12 బోరా, 315 రైఫిలా, లైసెన్స్ ఎట్లా అని. పావుగంటలో వాయిస్ మెసేజ్ వచ్చింది. నలభై సెకన్లు. ఎన్నిసార్లు విన్నానో, మాటకు మాట గుర్తుంది.

"అన్నా, 12 బోర్, 315 అంటే కలెక్టరాఫీసు చుట్టూ తిరిగి తిరిగి చెప్పులు అరుగుతయ్. మన దగ్గర ఎయిర్ రైఫిల్ ఉన్నది, వెయ్యి ఎఫ్‌పీఎస్. పిల్లలు ఆడుకునేది కాదు. గుడ్డెలుగైనా సరే, తలకాయకు కొడితే అక్కడికక్కడే పడుతది. లైసెన్స్ లేదు ఏం లేదు, ఆధార్ జిరాక్స్ చాలు. పడకపోతే పైసలు వాపస్, నాది గ్యారంటీ."

వెయ్యి ఎఫ్‌పీఎస్ అంటే ఏంటో నాకు తెలియదు. వెయ్యి అన్నాడు కాబట్టి గట్టిదే అయి ఉంటుందనుకున్నాను. డిగ్రీ చదివినవాణ్ణి, బీఎస్సీ. చెప్పుకోవడానికే సిగ్గుగా ఉంది.

18,500 కట్టాను. ఐదు డబ్బాల పెల్లెట్లు ఫ్రీ అన్నాడు, నేను సంబరపడ్డాను. బిల్లు మీద 'స్పోర్ట్స్ ఐటమ్ 1' అని రాసి ఉంది. కింద చిన్న అక్షరాల్లో 'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు'. అది నేను చదవలేదు. ఎవరు చదువుతారండీ?

ఆదివారం పొద్దున చేనులో గట్టు మీద ఎండిన కొబ్బరి బొండం పెట్టి, ఇరవై అడుగులు కొలిచి మరీ కొట్టాను. మొదటిది తప్పింది. రెండోది తగిలింది, బొండం కింద పడింది. మా వాడు చప్పట్లు కొట్టాడు. వెళ్లి చూస్తే పెల్లెట్ పీచులోనే ఇరుక్కుంది, లోపల చిప్పకు గీత కూడా పడలేదు. వేలితో గీకితే ఊడి చేతిలోకి వచ్చింది, అంచులు కాస్త సొట్టపోయిన సీసపు గింజ. బాపు దాన్ని అరచేతిలో వేసుకొని అటూ ఇటూ దొర్లించి చూశాడు. "పిట్టలు కొట్టేది గదరా ఇది" అని నా చేతిలో పెట్టి మోటరు వేయడానికి వెళ్లిపోయాడు. ఇంకొక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

మా వాడు పదో తరగతి. పెల్లెట్ డబ్బా మీద బరువు చూసి నోట్‌బుక్ వెనక పేజీలో లెక్క వేశాడు. అర ఎంవీ స్క్వేర్ అట, శక్తిని లెక్కగట్టే సూత్రం, తొమ్మిదో తరగతిలోనే వస్తుందట. పెల్లెట్ అర గ్రాము. సెకనుకు 280 మీటర్ల వేగంతో పోయినా శక్తి 19.6 జూల్స్. "280 ఎందుకు తీసుకున్నవ్ రా, వెయ్యి అన్నడు గదా" అంటే, "బాపూ, ఎఫ్‌పీఎస్ అంటే సెకనుకు అడుగులు, మీటర్లు కాదు. వెయ్యి అడుగులంటే 305 మీటర్లు. నిజంగ అంత స్పీడ్ పోతే 23 జూల్స్ వస్తది, 20 దాటితే లైసెన్స్ కావాలని నెట్‌ల ఉన్నది. అంటే వెయ్యి అన్నదో, లైసెన్స్ వద్దన్నదో, రెండిట్ల ఒకటి అబద్ధం" అన్నాడు. పిల్లాడికి ఐదు నిమిషాలు పట్టింది. నేను 18,500 కట్టాక గానీ ఆ లెక్క చూడలేదు.

ఇంకొకటి కూడా చూశాం. బ్యారెల్ విరిచి, పెల్లెట్ పెట్టి, మూసి, గురిపెట్టడానికి ఎంతసేపు పడుతుందని మా వాడు ఫోన్‌లో టైమ్ పెట్టాడు. పగటి వెలుతురులో, నిలకడగా నిలబడి, నాకు పదకొండు సెకన్లు. అందులో ఒక పెల్లెట్ కింద పడిపోయింది. ఎలుగు పది అడుగుల్లో లేచి నిలబడితే పదకొండు సెకన్లు ఇస్తుందా?

మా పెద్దమ్మ కొడుకు సీఆర్‌పీఎఫ్‌లో చేసి రిటైరయ్యాడు. ఆ సాయంత్రం అన్నకు ఫోన్ చేస్తే ముందు పడీపడీ నవ్వాడు. "ఎలుగును ఆపే తుపాకీ అడిగితే ఎలుకను కొట్టే తుపాకీ ఇచ్చిండురా నీకు" అన్నాడు. తర్వాత నెమ్మదిగా చెప్పాడు. 22 రైఫిల్ కూడా టార్గెట్ కొట్టడానికే తప్ప ఎలుగును ఆపేది కాదు. 315 బోల్ట్ రైఫిల్, ఇషాపూర్ ఫ్యాక్టరీది, దాని శక్తి 2 వేల జూల్స్‌కు పైమాటే, నా బొమ్మకు వంద రెట్లు. 303 అంటే ప్రొహిబిటెడ్ బోరు, మామూలు మనిషికి దొరకదు, అందుకే జనం 315 అంటారు. దగ్గర్లో మీదికొచ్చే జంతువుకు రెండు గొట్టాల 12 బోరు ఇంకా నయం, గురి అంత కచ్చితంగా ఉండక్కర్లేదు, రెండో దెబ్బ వెంటనే వేయొచ్చు. వీటిలో దేనికైనా లైసెన్స్ తప్పనిసరి, పోలీస్ కమిషనరేట్ ఉన్నచోట అయితే కమిషనర్, మా జిల్లాలో అయితే కలెక్టర్ ఇవ్వాలి, పోలీసు రిపోర్టు కావాలి.

"ఇవన్నీ ఉన్నా నువ్వు ఎలుగు వెంట పడొద్దు" అని కూడా అన్నాడు. 1972 వన్యప్రాణి చట్టంలో అది మొదటి షెడ్యూల్ జంతువు, పులి పక్కన. వేటాడితే 3 నుంచి 7 ఏళ్లు జైలు. అది నిజంగా మీద పడి, ప్రాణం కాపాడుకోవడానికి కొడితే నేరం కాదు. కానీ నిజంగా అలాగే జరిగిందని చూపించుకోవాల్సింది మనమే. చచ్చిన జంతువు సర్కారు ఆస్తి, ముట్టుకోవద్దు.

చివరికి అన్న అన్న మాటకు నా కాళ్లు వణికాయి. "ఆ ఛర్రాతో దాన్ని కొడితే జూలు కింద చర్మానికి గుచ్చుకుంటది, అంతే. పిల్లతోని ఉన్న తల్లి. పోయేది కూడా వెనక్కి తిరిగి మీదికొస్తది. కాకను మంచె మీద దాంతోని కూసోబెడ్దామనుకున్నవా?"

అవును, అదే అనుకున్నాను. సొంత డబ్బు పెట్టి బాపు చేతికి చావు ఇవ్వబోయాను.

ఇక నిన్నటి సంగతి. తుపాకీని యూరియా సంచిలో చుట్టుకొని బస్సెక్కాను. కండక్టర్ "ఏందే అది, గడ్డపారనా?" అన్నాడు. అవునన్నాను. షాపుకు వెళ్లేసరికి పదకొండు. ముగ్గురు నలుగురు ఉన్నారు, చాయ్ తెచ్చిన పిల్లాడు గ్లాసులు పంచుతున్నాడు. నేను మర్యాదగానే చెప్పాను, "సార్, ఇది ఎలుగుకు పనికిరాదు, వాపస్ తీసుకుంటానన్నారు గదా."

ముందు బుజ్జగింపు. ఇంకో 6 వేలు ఇస్తే స్ప్రింగు మార్చి ఇంకాస్త లావు గొట్టం, 22 బ్యారెల్ వేసిస్తాడట, 'డబుల్ పవర్' అట. గొట్టం లోపలి వెడల్పు 4.5 మిల్లీమీటర్లు దాటితే ఎయిర్ రైఫిల్‌కూ లైసెన్స్ కావాలని అన్న ముందే చెప్పాడు కాబట్టి బతికిపోయాను. లేకపోతే ఎలుగు చేతిలో చావడమో, ఆయుధాల కేసులో జైలుకు పోవడమో, రెండిట్లో ఒకటి ఎంచుకోవాల్సి వచ్చేది. అది కేసవుతుంది కదా అన్నాను. మొహం మారిపోయింది. అప్పటిదాకా 'అన్నా' అన్నవాడు 'నువ్వు'కు దిగాడు.

"ఎలుగుకు పనిచేస్తదని నీకెవరన్న చెప్పిన్రా?"

మీరే, వాయిస్ ఉంది అని ఫోన్ తీశాను. ఆయన కౌంటర్ మీదున్న తన ఫోన్ అందుకున్నాడు. నేను చాట్ తెరిచి, పైకి జరుపుతూ, ఆ నీలం రంగు మైకు గుర్తు కనబడగానే నొక్కబోయాను. నా బొటనవేలు స్క్రీన్‌కు తగలకముందే అది మాయమైంది. దాని చోట బూడిద రంగులో 'ఈ మెసేజ్ డిలీట్ చేయబడింది'. తలెత్తి చూస్తే ఆయన తన ఫోన్ జేబులో పెట్టుకుంటున్నాడు. నా కళ్లలోకే చూస్తూ. తొందర లేదు, దాపరికం లేదు. "ఏదీ, వినిపించు" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే పక్కనున్న వాళ్లవైపు తిరిగి, "ఈ సారు గుడ్డెలుగును వేటాడుతడట, తుపాకీ చాలట్లేదని వచ్చిండు" అన్నాడు. ఒకాయన కిసుక్కున నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఎలుగును కొట్టడానికి తుపాకీ అడిగిండని నీ మెసేజ్ నా దగ్గరున్నది. ఫారెస్టోళ్లకు పంపియ్యాల్నా?" అన్నాడు.

శనివారం నేను నిజాయితీగా రాసిన మెసేజే. ప్రాణం కాపాడుకోవడానికి అని అందులో స్పష్టంగా ఉంది. ఆయన మాట చెరిపేసి, నా మాట దాచిపెట్టుకున్నాడు.

నేనేమన్నానో తెలుసా? "సరే సార్" అన్నాను. సరే సార్! సంచి భుజాన వేసుకొని బయటికి వచ్చేశాను. వెనక నుంచి చాయ్ పిల్లాడు పరుగెత్తుకొచ్చి, "అంకుల్, మీ పెల్లెట్ల డబ్బా మర్చిపోయిన్రు" అని చేతిలో పెట్టాడు. బస్టాండ్ దాకా ఆయనకు చెప్పాల్సిన జవాబులన్నీ ఒక్కొక్కటీ వరుసగా గుర్తొచ్చాయి. చాలా మంచి జవాబులు. అన్నీ బస్సులో కిటికీకి చెప్పుకున్నాను.

ఇప్పుడా తుపాకీ అటక మీద ఉంది. బాపును మాత్రం మంచె దింపాను. ఊళ్లో ఫారెస్ట్ బీట్ ఆఫీసర్‌కు చెప్పాం. ఇప్పపూలకు ఆడవాళ్లు చీకట్లో ఒంటరిగా వెళ్లకుండా పది మంది కలిసి, గట్టిగా మాట్లాడుకుంటూ, రేకు డబ్బాలు వాయిస్తూ వెళ్తున్నారు. దానికి చూపు అంత మంచిది కాదు, మనిషి అలికిడి దూరం నుంచే తెలిస్తే తప్పుకుంటుంది, హఠాత్తుగా ఎదురుపడితేనే మీద పడుతుంది. ఈ ముక్క మా బాపుకు చిన్నప్పటి నుంచి తెలుసు. ఖర్చు సున్నా. నేను అడగలేదు.

కొనేవాళ్లకు: వాట్సాప్‌లో వచ్చిన వాయిస్ వెంటనే ఇంకొకరికి ఫార్వర్డ్ చేసి పెట్టుకోండి, పంపినవాడు తన దగ్గర డిలీట్ కొట్టినా ఫార్వర్డ్ చేసింది పోదు. బిల్లులో వస్తువు పేరు, మోడల్ రాయించండి. లైసెన్స్ అక్కర్లేని తుపాకీ ఏదీ ఎలుగును ఆపదు, ఆపుతుందని ఎవడన్నా చెప్తే షాపు దిగి వచ్చేయండి.

నేను వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేశాను, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు కూడా వేస్తాను. సాక్ష్యం కావాలంటున్నారు. ఆ వాయిస్ నాకొక్కడికే పంపి ఉండడు, 'గుడ్డెలుగైనా సరే, తలకాయకు కొడితే' అని మొదటిసారి చెప్పేవాడి గొంతు కాదది. మీలో ఎవరికైనా వచ్చి ఉంటే, ఇంకా ఫోన్‌లో ఉంటే, దయచేసి ఇవాళే నాకు పంపండి. ముందు ఎవరికైనా ఫార్వర్డ్ చేసి, ఆ తర్వాత పంపండి.