గాసమర్ కాండోర్ నమూనా కిట్టు: నెల రోజుల తర్వాత నా అభిప్రాయం

తిరుపతి గాంధీరోడ్డులో పిల్లల ప్రాజెక్టు సామాన్లు అమ్మే ఒక దుకాణంలో, మనిషి తొక్కుతూ నడిపిన గాసమర్ కాండోర్ విమానానికి బాల్సా చెక్కతో చేసుకునే నమూనా కిట్టును గత నెల 850 రూపాయలకు కొన్నాను. ఇంటర్ పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పేవాణ్ణి కనుక దీన్ని బొమ్మగా కాక పాఠంగానే చూశాను.

ఆకారం విషయంలో తయారీదారులు శ్రద్ధ చూపారు. చిన్న రెక్క ముందుకు చాచిన కర్ర చివరన, ప్రొపెల్లర్ వెనుక, పెద్ద రెక్కను పైనా కిందా దారాలతో బిగించే నిలువు కర్ర మధ్యన, అన్నీ అసలు విమానంలో ఉన్నట్టే ఉన్నాయి. అసలుదాని రెక్క 29 మీటర్లు; అంత రెక్క ఉన్నా పల్చని అల్యూమినియం గొట్టాలు, ఉక్కు తీగలు, మైలార్ అనే పల్చని ప్లాస్టిక్ పొరతో కట్టడం వల్ల బరువు సుమారు 32 కిలోలే.

కిట్టుతో ఇచ్చిన కరపత్రం మాత్రం నిరాశపరిచింది. నడిపిన బ్రయన్ ఆలెన్ కాళ్ల బలం వల్లే విమానం ఎగిరిందని రెండు వాక్యాల్లో సరిపెట్టారు. బలమైన సైక్లిస్టు కూడా ఆగకుండా ఇవ్వగలిగేది దాదాపు 250 వాట్లు, అంటే వంటింటి మిక్సీ శక్తిలో మూడో వంతు. 1961లోనే ఇంగ్లండ్‌లోని సౌథాంప్టన్ విశ్వవిద్యాలయ విద్యార్థుల విమానం మనిషి బలంతో 64 మీటర్లు ఎగిరింది. అయితే బ్రిటన్ పారిశ్రామికవేత్త హెన్రీ క్రెమర్ 1959లో ప్రకటించిన బహుమతి దక్కాలంటే, అర మైలు ఎడంగా ఉన్న రెండు గుర్తుల చుట్టూ ఇంగ్లీషు ఎనిమిది అంకెలా తిరిగి రావాలి. కాండోర్‌ను రూపొందించిన పాల్ మెక్‌క్రెడీ గ్రహించిన కీలకం వేరు: బరువూ వేగమూ మారకుండా రెక్క పొడవు రెట్టింపైతే, విమానాన్ని గాలిలో నిలపడానికి గాలిని కిందికి తోయడంలో ఖర్చయ్యే శక్తి నాలుగో వంతుకు పడిపోతుంది. గిరికీలు కొట్టే పక్షులను పోల్చి చూస్తుండగా ఆయనకు ఈ దారి తోచింది. కపిలతీర్థం కొండమీద మధ్యాహ్నం పూట గద్దలను చూసే మన పిల్లలకు ఈ మాట చెప్పి ఉండవలసింది.

రెక్క పెద్దదైనా బరువు పెరగకూడదన్న ఆ సూత్రాన్ని కిట్టే తప్పింది. రెక్కకు అంటించమని ఇచ్చినది బొకేలకు చుట్టే మందపాటి ప్లాస్టిక్ కాగితం. బంగారు కొట్టు త్రాసులో తూయిస్తే నమూనా 34 గ్రాములు తూగింది. ఖాళీగా ఉన్న కల్యాణమండపంలో ఫ్యాన్లన్నీ ఆపించి వదిలితే 6 సెకన్లకే ముక్కు నేలకు తగిలి ముందు కర్ర విరిగింది. మా అమ్మాయి ఆ విరుపుకు దారం చుట్టి జిగురు పెట్టింది; రెక్కమీది కాగితం ఒలిచి, లాండ్రీవాళ్లు పట్టుచీరకు తొడిగి ఇచ్చే పల్చని కవరు అంటించాము. బరువు 27 గ్రాములకు దిగింది, ఎగిరిన సమయం 14 సెకన్లకు పెరిగింది. మెక్‌క్రెడీ బృందం కూడా పడిన ప్రతిసారీ త్వరగా బాగుచేసుకునేలా విమానాన్ని కట్టుకుంది. అలా మార్చుకుంటూ పోయి 1977 ఆగస్టు 23న కాలిఫోర్నియాలోని షాఫ్టర్‌లో 50,000 పౌండ్ల బహుమతి గెలిచింది.

కరపత్రం తిరగరాసి, పల్చని పొర ఇస్తే ఈ ధర న్యాయమే. ఇప్పటికైతే కొనేవారు కవరు మార్చుకోవాలి, ప్రొపెల్లర్‌ను తిప్పే రబ్బరుకు చుక్క ఆముదం రాయాలి, బ్లేడుతో కోసే పని పెద్దలే చేయాలి. ఆరుబయట, కొండగాలి వీచే సాయంత్రాల్లో మాత్రం దీన్ని వదలవద్దు.