విశ్రాంతి రోజుకి గండికోటా, కడపా?

హైదరాబాదు నుంచి తిరుపతికి సైకిళ్ళ మీద పోదామనుకున్నప్పుడు దారి గురించి నాకూ మా బావమరిదికీ పేచీ రాలేదు. కర్నూలు, నంద్యాల, మైదుకూరు, కడప, రాజంపేట, అంతే. పేచీ అంతా మధ్యలో కాళ్ళకిచ్చే సెలవు దగ్గర వచ్చింది. వాడు గండికోట అన్నాడు, నేను కడప టౌను అన్నాను. "కడపలో చూడ్డానికేముంది బావా?" అని వాడు నంద్యాల దాటేదాకా సణుగుతూనే ఉన్నాడు.

గండికోట చూడదగ్గ చోటే, కాదనను. పెన్న కొండల్ని కోసుకుంటూ పోయిన ఆ లోయ, మాధవరాయస్వామి గుడి, జామియా మసీదు, ధాన్యాగారం... ఒక రాత్రి ఉండి సాయంత్రమూ తెల్లవారీ చూస్తేనే తృప్తి. కానీ హైవే వదిలి ప్రొద్దుటూరు, జమ్మలమడుగు మీదుగా అంత సామానుతో తొక్కుకుంటూ పోయి, మళ్ళీ కోటలో రాళ్ళ మీద ఎక్కుతూ దిగుతూ తిరిగితే దాన్ని విశ్రాంతి అనలేం. సైకిలు యాత్రలో సెలవు రోజుకి ముందు కావలసినవి మంచి గది, బట్టలుతుక్కోడానికి నీళ్ళు, కడుపునిండా తిండి, పిలిస్తే పలికే మెకానిక్కు. చూసే చోట్లు ఆ తర్వాత. పైగా అవి ఆటో ఎక్కి పోయొచ్చేంత దూరంలో ఉండాలి. ఆ లెక్కన కడపే నెగ్గింది.

నంద్యాల నుంచి కడప దాకా నాలుగు లేన్ల రోడ్డు. లారీలు జోరుగానే పోతుంటాయి గానీ, తెల్లగీత బయట సైకిలుకి చోటుంది. ఎడమవైపు నల్లమల తోడొస్తుంది, అక్కడక్కడా కె.సి. కాలువ, అంటే కర్నూలు-కడప కాలువ, కనబడుతుంది. 1863లో ఒక ప్రైవేటు కంపెనీ తవ్వడం మొదలుపెట్టిన కాలువ అది. సాగుకే కాదు, పడవలు నడపడానికీ అనుకున్నారు. కంపెనీకి గిట్టుబాటు కాకపోవడంతో 1882లో ప్రభుత్వమే కొనేసింది. చెన్నూరు దగ్గర పెన్న బ్రిడ్జి దాటితే కడప వచ్చేసినట్టే.

బస ఆర్టీసీ బస్టాండుకి నడిచిపోయేంత దూరంలో ఒక లాడ్జిలో. కౌంటరులో కుర్రాడు సైకిళ్ళ వంక చూసి, "యాడ్నించి వస్తాండారు న్నా?" అన్నాడు. చెప్పాం. "హైదరాబాదు నించి తొక్కుకుంటానే వచ్చినారా? బస్సులు లేవా ఏంది?" అని నవ్వి ఆధార్ కార్డులు అడిగాడు. సైకిళ్ళు గదిలో పెట్టుకోనివ్వలేదు. మెట్ల కింద, వాచ్‌మన్ మంచం పక్కన తాళం వేసి పెట్టుకోమన్నాడు. నాకైతే అదే నయమనిపించింది, మూడో అంతస్తుకి మోసే పని తప్పింది. ఏసీ లేని గది, అద్దె వెయ్యి లోపే. నేలంతా నల్లటి కడప బండ. రోజంతా పెడల్ మీద కాలిన అరికాళ్ళు ఆ బండ మీద ఆనించగానే ప్రాణం లేచొచ్చింది. వేడినీళ్ళు పొద్దున రెండు గంటలే. తెల్లారక ముందే "తిరుపతి, తిరుపతి" అని బయట కేకలు మొదలవుతాయి కాబట్టి రోడ్డు వైపు గది మాత్రం తీసుకోకండి. నిద్ర కోసం ఆగినవాళ్ళకి అది పనికిరాదు.

పొద్దున మొదటి పని బట్టలు. ప్యాడు ఉన్న షార్ట్స్ చేత్తోనే ఉతికి, లోపలి వైపు బయటికి తిప్పి మేడ మీద ఆరేశాం. కడప ఎండని తిట్టుకోనివాడు ఉండడు గానీ, ఆ ఒక్క పూటా దాన్ని మెచ్చుకోవాలి. టిఫిను తినొచ్చేసరికి అవి కరకరలాడుతున్నాయి.

టిఫినంటే ఇక్కడ కారం దోశే. పెనం మీదుండగానే ఉల్లిపాయ, ఎండుమిర్చి కలిపి నూరిన ఎర్రకారం పూసి, పైన పప్పుల పొడి చల్లి, మడిచి ఇస్తారు. పక్కన చెనిక్కాయల చట్నీ. మా వాడు మొదటి ముక్కకే నీళ్ళ చెంబు అందుకున్నాడు, అయినా రెండోది తెమ్మన్నాడు. కారం పడనివాళ్ళు కొంచెం పూయమని ముందే చెప్పాలి, పెనం మీద పడ్డాక చేసేదేమీ ఉండదు.

రిపేరు సంగతి. మామూలు సైకిళ్ళకి టైర్లు, ట్యూబులు, బ్రేకు కట్టెలు దొరికే షాపులు చాలానే ఉన్నాయి. సన్న వాల్వు ట్యూబు, డిస్కు బ్రేకు ప్యాడ్లు మాత్రం మేం అడిగిన చోట్ల లేవు. అవి ఇంటి దగ్గరే కొని సంచిలో వేసుకోవడం మంచిది. బండ్లు కడిగే చోటికి తీసుకుపోతే ప్రెషర్ పైపు పెట్టబోయాడు, వద్దన్నాను. ఆ నీళ్ళ జోరుకి హబ్బు బేరింగుల్లో గ్రీజు కడుక్కుపోతుంది. బకెట్టు, పాత బట్ట అడిగి మేమే తుడుచుకున్నాం. చైనుకి కిరసనాయిలు పట్టించి, నల్లటి జిడ్డంతా పోయేదాకా గుడ్డలో పట్టి వెనక్కి తిప్పి, ఆరాక ఒక్కో లింకు మీదా ఒక్కో చుక్క ఆయిలు. ఆయన డబ్బులు వద్దన్నాడు, టీ ఇప్పించాం.

పదిన్నరకి ఆటోలో దేవుని కడప. తిరుమలకి తొలి గడప అని పేరు. లక్ష్మీవేంకటేశ్వరస్వామి. అన్నమయ్య ఈ స్వామి మీదా కీర్తనలు కట్టాడు. ఉగాది నాడు బీబీ నాంచారి తమ ఆడబిడ్డ అని ముస్లింలు ఇక్కడికి వచ్చి దర్శనం చేసుకునే ఆనవాయితీ ఉంది. రద్దీ లేని రోజు కాబట్టి నిదానంగా చూశాం. స్వామి వెనకవైపు నిలువెత్తు ఆంజనేయుణ్ణి చూడకుండా రావద్దు. షార్ట్స్‌తో గుళ్ళోకి పోలేం గనక పంచె ఒకటి సామానులో ఉండాలి. బరువు పావుకిలో ఉండదు.

అక్కణ్ణించి పెద్ద దర్గా, అంటే అమీన్ పీర్ దర్గా. తలకి రుమాలు కట్టుకుని పోవాలి. ఎ.ఆర్. రెహమాన్ వస్తుంటారని ఆటో అతను దారంతా చెప్పాడు. లోపల ఎవరి మొక్కు వాళ్ళది, ఎవరూ తొందరపెట్టరు. నీడలో అరగంట కూర్చున్నాం.

నాకు అన్నిటికన్నా నచ్చింది ఎర్రముక్కపల్లెలో సి.పి. బ్రౌన్ గ్రంథాలయం. బ్రౌను 1820లో ఉద్యోగం మీద కడప వచ్చాడు. తర్వాత ఇక్కడే బంగళా కొని, సొంత జీతంతో పండితుల్ని పెట్టుకుని, తాళపత్రాలు సేకరించి సాఫు ప్రతులు రాయించాడు. అందుకోసం అప్పులు కూడా చేశాడు. ఆ బంగళా ఉన్న చోటే జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు పట్టుబట్టి ఈ గ్రంథాలయం కట్టించారు. బయట బోర్డు చూస్తే మామూలు ఆఫీసులా ఉంటుంది, అందుకేనేమో టూరిస్టులెవరూ లోపలికి రారు. చల్లగా, నిశ్శబ్దంగా, కూర్చుని చదువుకోడానికి బల్లలతో ఉంది. కాళ్ళు నొప్పులున్న మనిషికి ఇంతకంటే ఏం కావాలి? సణిగిన బావమరిదే అక్కణ్ణించి లేవనన్నాడు. సెలవు రోజుల్లో పోయేవాళ్ళు తెరిచి ఉందో లేదో కనుక్కుని పోండి.

సాయంత్రం పుష్పగిరి. పదహారు కిలోమీటర్లు. ఆటోకి రానూపోనూ, అక్కడ ఆగినంతసేపూ కలిపి ముందే బేరమాడుకోవాలి, తిరుగు ఆటో దొరుకుతుందని నమ్మకం లేదు. పెన్న ఒడ్డున గుట్ట మీద చెన్నకేశవుడు, సంతాన మల్లేశ్వరుడు ఒకే ప్రాంగణంలో ఉంటారు. నది అవతల ఊళ్ళో వైద్యనాథుడు. చెన్నకేశవాలయం గోడల బయట శిల్పాలు చూస్తూ చుట్టూ తిరగడానికే గంట పట్టింది. పాశుపతం కోసం అర్జునుడు చేసిన తపస్సు, కిరాతుడితో పోరు, అన్నీ రాతిలోనే. గుడి దగ్గర అంగళ్ళూ పెద్దగా లేవు, నీళ్ళు, చిరుతిళ్ళు పట్టుకుపోవాలి. దారి బాగా లేక ఆటోలో నడుము కదిలిపోయింది, ఆ ఒక్క నష్టమూ ఒప్పుకోవాలి. అయినా రోజులో ఒక్కటే చోటు చూసే వీలుంటే నేను దీన్నే చూస్తాను.

రాత్రి రాగి సంగటి, నాటుకోడి పులుసు. రెండు ముద్దల దగ్గర ఆపేశాం, పొద్దున్నే తొక్కాలి కదా.

ఒంటిమిట్ట ఎందుకు పోలేదని కడపలో అందరూ అడిగారు. అది ఎలాగూ మర్నాటి దారిలోనే, పాతిక కిలోమీటర్లకే వస్తుంది. ఐదున్నరకి బయల్దేరితే ఎండ రాకముందే కోదండరాముడి దర్శనం చేసుకుని, అక్కడే టిఫిను కానివ్వొచ్చు. నందలూరు సౌమ్యనాథుడు, రాజంపేట దగ్గర 108 అడుగుల అన్నమయ్య విగ్రహం కూడా ఆ రోడ్డు పొడుగునే. వాటి కోసం సెలవు రోజు ఖర్చు పెట్టక్కర్లేదు.