మెటల్లోథయోనిన్‌ను అరిగించేది లైసోజోమా, ప్రోటియాసోమా?

ఏటా ఎమ్మెస్సీ పిల్లలు ఈ ప్రశ్న పట్టుకొస్తారు. మెటల్లోథయోనిన్ అంటే కణంలో లోహాలను పట్టుకుని ఉంచే చిన్న ప్రోటీన్. లైసోజోమ్ కణంలోని పుల్లటి అరుగుదల సంచీ, ప్రోటియాసోమ్ అక్కర్లేని ప్రోటీన్లను ముక్కలు చేసే పీపా లాంటి యంత్రం. ఈ నెలలోనే ముగ్గురు అడిగారు. మూడో అబ్బాయి తెలివైనవాడు. "రెండూ అని రాస్తే మార్కులు పడతాయా మేడం?" అన్నాడు. పడతాయి. కానీ అలా రాసి చేతులు దులుపుకుంటే ఈ ప్రోటీన్‌లోని అసలు తమాషా జారిపోతుంది.

మెటల్లోథయోనిన్‌లో ఉండేది 61 లేదా 62 అమైనో ఆమ్లాలే. వాటిలో 20 సిస్టీన్లు, అంటే గంధకం ఉన్న అమైనో ఆమ్లాలు. ఈ ఇరవై కలిసి ఏడు జింకు అయాన్లనో, ఏడు కాడ్మియం అయాన్లనో బిగించి పట్టుకుంటాయి. లోహం ఉన్నంతసేపు అది బిగిసిన ముడి. లోహం పోయిందా, వదులుగా వేలాడే దారం ముక్క. లోహం లేని ఆ రూపాన్ని, అంటే థయోనిన్‌ను, ప్రోటీన్లను కోసే ఎంజైమ్ ట్రిప్సిన్ ఇట్టే కోసేస్తుంది. లోహం నిండిన దాని మీద దాని కత్తి సరిగా దిగదు. అందుకే ఎవరు కోస్తారన్నది నాకు రెండో ప్రశ్న. ముందు ముడి విప్పేది ఎవరు?

ఈ పరీక్షలో లైసోజోమ్ ముందుంటుంది. లోపలి పీహెచ్ 4.5 నుంచి 5. జింకు సగం ఊడిపోయే పీహెచ్ దాదాపు ఆ చుట్టుపక్కలే. అంటే సంచీలోకి వచ్చేసరికే ముడి సడలడం మొదలవుతుంది, ఆపైన అక్కడి ప్రోటీన్ కోత ఎంజైములు కెథెప్సిన్‌లు తమ పని చూసుకుంటాయి. కాడ్మియం అంత తేలిగ్గా లొంగదు. అది సగం ఊడాలంటే పీహెచ్ 3 దాకా దిగాలి, లైసోజోమ్ అంత పుల్లగా ఎప్పుడూ ఉండదు. కాబట్టి ఆ పట్టును కెథెప్సిన్‌లే కొంచెం కొంచెంగా కొరికి సడలించాలి. ఎలుక కాలేయంలో కొలిచిన అర్ధాయువులు ఈ లెక్కకు సరిపోతాయి: జింకుతో ఉన్నది ఒక రోజు లోపే సగానికి తగ్గుతుంది, కాడ్మియంతో ఉన్నదానికి సుమారు మూడు రోజులు పడుతుంది. అదే ప్రోటీన్, అదే కాలేయం, మారింది లోహం ఒక్కటే.

ప్రోటియాసోమ్ పక్షాన చెప్పవలసింది లేకపోలేదు. అది ఉండే సైటోసోల్‌లో, అంటే కణంలోని ద్రవభాగంలో, పీహెచ్ 7 దరిదాపుల్లో ఉంటుంది, అక్కడ ఆమ్లం సాయం దొరకదు. అయితే లోహం ముందే పోయి ఉంటే దానికి చేతినిండా పని. జింకు కరువైనప్పుడు, ఆక్సీకరణ ఒత్తిడి సిస్టీన్ల పట్టు విడిపించినప్పుడు అలా ఖాళీ అయిన థయోనిన్ సైటోసోల్‌లో మిగులుతుంది. ఆకారం లేని ప్రోటీన్‌ను ప్రోటియాసోమ్ నడిమి పీపా భాగమైన 20ఎస్, 'దీన్ని నాశనం చేయి' అని చెప్పే యుబిక్విటిన్ ముద్ర లేకుండా కూడా మింగగలదు. కానీ ఈ పక్షానికి తెచ్చే రుజువుల్లో ఒకదాని మీద నాకు మొదటినుంచీ అనుమానం. కణాలకు ప్రోటియాసోమ్‌ను ఆపే మందు ఎంజీ-132 ఇచ్చాం, మెటల్లోథయోనిన్ పెరిగింది, కనుక ప్రోటియాసోమే అంటారు. ఎంజీ-132 కెథెప్సిన్ బి ని కూడా అడ్డుకుంటుంది! ఒకే మందు ఇద్దరి చేతులూ కట్టేస్తే దొంగ ఎవరో ఎలా తేలుతుంది? కెథెప్సిన్ బి జోలికి పోకుండా ప్రోటియాసోమ్‌ను ఆపే లాక్టాసిస్టిన్‌తోనో, ఎపాక్సోమైసిన్‌తోనో చేసిన ప్రయోగమైతే కూర్చుని వింటాను. అవతలి పక్షం, అంటే లైసోజోమ్ పక్షం, వాడే మందు క్లోరోక్విన్‌దీ మొరటు పనే అనుకోండి, అది లైసోజోమ్ పులుపును మొత్తంగా విరిచేస్తుంది.

మూత్రపిండం దగ్గర మాత్రం నాకు వాదన కనిపించదు. కాలేయం నుంచి రక్తంలోకి జారిన కాడ్మియం-మెటల్లోథయోనిన్ ఎంత చిన్నదంటే గ్లోమెరులస్ జల్లెడ దాన్ని ఆపలేదు. వడపోతలో దిగినదాన్ని ఆ వెంటనే వచ్చే ప్రాక్సిమల్ నాళిక కణాలు ఎండోసైటోసిస్‌తో లోపలికి లాక్కుంటాయి. ఆ దారి నేరుగా లైసోజోమ్‌కే వెళ్తుంది, ప్రోటియాసోమ్ పొరకు అవతల ఉండిపోతుంది. ప్రోటీన్ అరిగిపోతుంది, కాడ్మియం సైటోసోల్‌లోకి బయటపడుతుంది, కణం హడావుడిగా కొత్త మెటల్లోథయోనిన్ తయారుచేసి దాన్ని మళ్లీ కట్టేస్తుంది. అదీ అరుగుతుంది, మళ్లీ కొత్తది. ప్రోటీన్ ఆయుష్షు రోజుల్లో, మనిషి మూత్రపిండంలో కాడ్మియం అర్ధాయువు 10 నుంచి 30 ఏళ్లు. జపాన్‌లో జింజు నది నీళ్లతో వరి పండించుకుని తిన్నవాళ్లకు ఎముకలు మెత్తబడి విపరీతంగా నొప్పెట్టే ఇతాయ్-ఇతాయ్ జబ్బు వచ్చింది ఇలా పోగుపడిన కాడ్మియం వల్లే. కట్టేయడానికి చాలినంత థయోనిన్ లేనప్పుడు విడిగా తిరిగే కాడ్మియం ఆ నాళిక కణాలనే దెబ్బతీస్తుంది.

కాల్షియంతో పనిచేసే మరో రకం ప్రోటీన్ కోత ఎంజైములు, కాల్పెయిన్‌ల సంగతీ అడుగుతుంటారు. పరీక్షలో ఒక వాక్యం రాస్తే చాలు.

రాగి సంగతి వేరు, అక్కడ నేను వెనకేసుకొస్తున్న లైసోజోమే చతికిలబడుతుంది. రాగిని ఊడదీయాలంటే కాడ్మియానికి కావలసినదానికన్నా ఘాటైన ఆమ్లం కావాలి. బెడ్లింగ్టన్ టెరియర్ జాతి కుక్కల్లో కొన్నింటికి సీఓఎమ్ఎమ్‌డీ1 జన్యువులో లోపం ఉంటుంది, రాగి పైత్యరసంలోకి సరిగా పోదు. వాటి కాలేయపు స్లైడ్‌కు రోడనీన్ రంగు వేసి మైక్రోస్కోప్ కింద పెడితే కణాల్లో ఎర్రనారింజ రంగు గింజలు గుత్తులుగా కనిపిస్తాయి. లైసోజోముల్లోకి చేరిన రాగి అది. అక్కడిదాకా వచ్చిన మెటల్లోథయోనిన్ అరక్క, రాగితో సహా కరగని ముద్దలుగా అలాగే మిగిలిపోయింది.