ఐఎంఎఫ్ ఓట్లా, పన్ను ఒప్పందమా: ముందు ఏది మారాలి?

పేద దేశాలకీ ధనిక దేశాలకీ మధ్య అంతరం తగ్గాలంటే ముందు మార్చాల్సింది ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్య నిధి)లో ఓట్లనా, అంతర్జాతీయ పన్ను నిబంధనలనా? గ్రూప్-1కి చదివేవాళ్లకు ఎకానమీ చెప్తాను. ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు ఇదే అడుగుతారు. పరీక్షలో "రెండూ అవసరమే" అని రాయండి, మార్కులొస్తాయి. నా ఓటు మాత్రం పన్నుకే.

ఐఎంఎఫ్ వైపు వాదనా గట్టిదే. అక్కడ ఓటు బలమైనా, పంపకంలో వాటా అయినా కోటాను, అంటే నిధిలో ఆ దేశం పెట్టే వాటాను బట్టే. 2021లో 65,000 కోట్ల డాలర్ల విలువైన ఎస్‌డీఆర్‌లు (సభ్య దేశాలకు ఐఎంఎఫ్ ఇచ్చే నిల్వ ఆస్తి) పంచితే ఆఫ్రికా మొత్తానికి దక్కింది 3,300 కోట్లే. ఆకలి లేనివాళ్ల విస్తట్లోనే ఎక్కువ పడింది.

చిక్కల్లా ఆ కోటాలు మార్చడంలోనే ఉంది. దానికి 85 శాతం ఓట్లు కావాలి. అమెరికా ఒక్కదానికే 16 శాతానికి పైగా ఉన్నాయి. 2010లో ఒప్పుకున్న మార్పు, అమెరికా కాంగ్రెస్ ఊ అన్నాక, 2016లో గానీ అమలు కాలేదు. 2023లో కోటాలు 50 శాతం పెంచాలని తీర్మానించారు, అదీ అందరికీ ఒకే నిష్పత్తిలో. వాటాలు ఎక్కడివక్కడే.

ప్రపంచ బ్యాంకు అధ్యక్ష పదవి సంగతి కూడా అడుగుతారు. అజయ్ బంగా మన హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివినాయనే, అయినా ఆ కుర్చీకి వెళ్లింది అమెరికా అభ్యర్థిగానే.

ఇక పన్ను, అంటే దేశాలు దాటి వ్యాపారం చేసే కంపెనీల మీద ఏ దేశం ఎంత వేసుకోవాలన్నది. ఎక్కువగా ధనిక దేశాలుండే ఓఈసీడీ అనే కూటమి 2021లో కుదిర్చిన 15 శాతం కనీస పన్ను ఒప్పందంలో, ప్రధాన నిబంధనల నుంచి అమెరికా కంపెనీలను మినహాయించడానికి 2025 జూన్‌లో జీ7 తలూపింది. దాని గురించి ఇంతకన్నా చెప్పక్కర్లేదు. ఐక్యరాజ్యసమితి దారి వేరు, అక్కడ దేశానికో ఓటు. అంతర్జాతీయ పన్నులపై ఐక్యరాజ్యసమితిలోనే ఒప్పందం రాసుకుందామని ఆఫ్రికా దేశాలు తెచ్చిన తీర్మానం 2023 నవంబరులో 125-48తో నెగ్గింది, మనమూ అనుకూలంగానే వేశాం. 2025 ఫిబ్రవరిలో అమెరికా చర్చల్లోంచి లేచిపోయింది. చర్చలు ఆగలేదు. ఐఎంఎఫ్‌లో అమెరికా తల అడ్డంగా ఊపితే కోటా కదలదు, ఇక్కడ మనిషే లేకపోయినా పని నడుస్తోంది. నాకు ఈ ఒక్క తేడా చాలు.

"సంతకం పెట్టని దేశానికి ఒప్పందం వర్తించదు కదా సార్?" అంటారు. నిజమే. కానీ సంతకం పెట్టినవాళ్లు కలిసి నిలబడితే చాలు. మన అనుభవమే చూడండి. విదేశీ కంపెనీల ఆన్‌లైన్ ప్రకటనల ఆదాయంపై 2016లో 6 శాతం లెవీ పెట్టాం. అమెరికా సుంకాల టెన్షన్ నడుస్తుండగా, 2025 ఏప్రిల్ నుంచి మనమే తీసేశాం. ఒంటరిగా పెట్టిన పన్నును ఒత్తిడి తెచ్చి తీసేయించడం తేలిక. వంద దేశాలు కలిసి పెడితే వందమంది మీదా సుంకాలు వేయాలి. అదీ అమెరికా వేసి చూపించిందనుకోండి, అది వేరే క్లాసు.